సెలవుల దీవిలో పనిరోజులు

బాలీలో ఉంటున్నాం అని చెబితే చాలామందికి ‘ఉంటున్నాం’ అన్న ముక్క వినపడదు. "ఎన్ని రోజుల ట్రిప్పు?" అంటారు. నాలుగో ఏడు నడుస్తోందని చెప్తే ఒక్క క్షణం ఆగి "మీకేంలెండి!" అంటారు. మా పెద్దత్తయ్య అయితే ఫోన్ చేసినప్పుడల్లా "ఇంకా అక్కడే ఉన్నారా, ఇంటికి రారా?" అని అడుగుతుంది. ఆవిడ దృష్టిలో బాలీ అంటే వెళ్ళి, నాలుగు ఫోటోలు దిగి, కాస్త నల్లబడి తిరిగి రావాల్సిన చోటు. అక్కడ కూడా గిన్నెలు తోముకునేవాళ్ళు, వంట మధ్యలో గ్యాసు అయిపోయి తిట్టుకునేవాళ్ళు ఉంటారంటే ఎవరికీ నమ్మబుద్ధి కాదు.

మా ఆయన ఇక్కడొక హోటల్లో షెఫ్. బాలీకి వచ్చే విదేశీయుల్లో ఆస్ట్రేలియా వాళ్ళ తర్వాత మనవాళ్ళే ఎక్కువ. 2023లోనూ అంతే, 2024లోనూ అంతే. చూసి పోవడంతో ఆగకుండా పెళ్ళిళ్ళు కూడా ఇక్కడే చేసుకోవడం మొదలుపెట్టారు కాబట్టి, తందూరు దగ్గర నిలబడగలిగిన మనిషికి, మూడొందల మందికి సాంబారు కాచగలిగిన మనిషికి ఇక్కడ పని దొరికింది. ఆయనది ఉద్యోగపు పర్మిట్. నాది దానికి కట్టిన తోక. కితాస్ అంటారు ఇక్కడ, పరిమిత కాలం ఉండనిచ్చే కార్డు. నాలాంటివాళ్ళ కార్డు మీద ఉండొచ్చుగానీ పని చెయ్యకూడదు. హైదరాబాదులో ఆరేళ్ళు పిల్లలకి సోషల్ చెప్పినదాన్ని, ఇక్కడికొచ్చాక ప్రభుత్వ లెక్కల ప్రకారం శాశ్వతంగా ఖాళీ.

ఊరంతా సెలవులో ఉన్నప్పుడు మా ఇంట్లో పని. డిసెంబరు ఇరవై నుంచి జనవరి పది దాకా మా ఆయన్ని నేను నిద్రపోతున్నప్పుడే చూస్తాను. చుట్టాలొస్తారు. వస్తే సంతోషమే, పచ్చళ్ళొస్తాయి. ఐదు రోజుల్లో వాళ్ళకి అడవి మీదకి ఊగే ఉయ్యాల కావాలి (పొడుగాటి గౌను కూడా అక్కడే అద్దెకిస్తారు), ఉలువాతులో కోతులు కావాలి, పడవెక్కి నుసా పెనిదా వెళ్ళాలి. పోయినేడు మా పిన్ని కూతురు, మరిదిగారు వచ్చారు. మూడో రోజు మా ఇంట్లో భోంచేసి, వరండాలో నిలబడి, ఎదురుగా ఉన్న వరిపొలం చూసి "అక్కా, నీకు రోజూ ఇదే కదా!" అంది.

అవును, రోజూ ఇదే. అసలు నేను చెప్పాలనుకున్నది ఆ పొలం గురించే. కానీ దాని దగ్గరికి వెళ్ళాలంటే ముందు మా గుమ్మం దాటాలి.

మేముండేది కెరొబొకాన్‌లో. ఆస్ట్రేలియా వాళ్ళకి ఈ పేరు చెప్తే జైలు గుర్తొస్తుంది, మత్తుమందులతో దొరికిన వాళ్ళ పౌరుల పుణ్యమా అని. మా ఇల్లు జైలుకి దూరం, సముద్రానికీ దూరం. సముద్రం చూసి నెలవుతుంది ఒక్కోసారి. కరెంటు ముందే డబ్బు కట్టి కొనుక్కోవాలి. ఇరవై అంకెల నంబరు వస్తుంది, దాన్ని మీటరులో కొట్టాలి. యూనిట్లు అయిపోవచ్చేసరికి మీటరు కీచుకీచుమని అరుస్తుంది. మన ఇంట్లో డబ్బయిపోయిందని వీధంతటికీ తెలుస్తుంది. తాగే నీళ్ళు పందొమ్మిది లీటర్ల క్యానుల్లో వస్తాయి, గాలోన్ అంటారు. గ్యాసు మూడు కిలోల బండ ఆకుపచ్చగా పుచ్చకాయలా ఉంటుంది, దాని మీద ‘పేదలకు మాత్రమే’ అని అచ్చు వేసి ఉంటుంది. మనం పెద్ద బండ కొనుక్కోవాలి. అది ఎప్పుడూ వాన రోజునే అయిపోతుంది.

పసార్ అంటే బజారు. తెల్లవారుజామున ఐదింటికి వెళ్తే మంచిది, ఎనిమిదింటికి వెళ్తే వాడిపోయినవి మిగులుతాయి. కాంకుంగ్ అని కట్టలు కట్టలు పెట్టి అమ్మేది మన తూటికూరే. మా ఊళ్ళో కాలవ గట్టున పెరిగి, గేదెలు తినేది, ఇక్కడ హోటల్లో వెల్లుల్లి వేసి ప్లేటులో పెడతారు. మునగాకు దొరుకుతుంది, మునక్కాయ దొరకదు. ఆకు తినే జనం కాయనెందుకు వదిలేశారో నాకర్థం కాలేదు. కందిపప్పు కోసం డెన్‌పసార్‌లో ఇండియా సరుకులమ్మే కొట్టుకి పోవాలి. కరివేపాకు కుండీలో పెంచుకున్నాను. గోంగూర విషయంలో ఆశ వదులుకున్నాను.

భాష విషయంలో మాత్రం మొదట్లో భలే ధైర్యం వచ్చింది. ఇండోనేషియా భాషలో సంస్కృతం ఇంత ఉందా అనిపించింది. గురు, భాష, దేశం, భూమి, సూర్యుడు అన్నీ మనవే. భర్తని సువామి అంటారు, భార్యని ఇస్త్రీ అంటారు. ఇంకేం, నెల్లాళ్ళలో వచ్చేస్తుందనుకున్నాను. తర్వాత తెలిసింది, మాటలు ఓడెక్కి వచ్చేటప్పుడు దారిలో మారిపోయాయని. ఇక్కడ చింతా అంటే ప్రేమ. బియాయా అంటే ఖర్చు, మన వ్యయమే. సెంగ్సారా అంటే పడరాని పాట్లు, అది మన సంసారం. మా అమ్మకి ఈ చివరిది చెప్తే "వాళ్ళకి బాగా అర్థమైందే" అంది.

మాటల సంగతి ఇలా ఉంటే, మతం సంగతి ఇంకోలా ఉంటుంది. "ఏ దేశం?" "ఇండియా." "హిందూ?" "అవును." అంతే, ఎదుటివాళ్ళ ముఖం వెలిగిపోతుంది. 2014లో మన హిందీ మహాభారతం సీరియల్ ఇండోనేషియా భాషలోకి మార్చి వేశారు, అది ఇక్కడ ఎంత ఆడిందంటే, మా వీధి చివర టైర్లకి పంక్చర్లు వేసే అతను నన్ను చూసినప్పుడల్లా అర్జునుడి క్షేమసమాచారాలు అడుగుతాడు. మా ఇంటి ఓనరుగారు మొదటిసారి పరిచయమైనప్పుడు నా చెయ్యి పట్టుకుని "ఒకే మతం మనది" అంది. గలుంగాన్ పండగకి ముందు రోజు వాళ్ళింట్లో పంది కోశారు. నేను వాకిట్లో నిలబడిపోయాను. పక్కనే మగవాళ్ళంతా చెక్కదిమ్మల ముందు కూర్చుని పనసకాయ సన్నగా కొట్టేస్తున్నారు, లావర్ అనే వంటకం కోసం. ఆ కత్తి చప్పుడు, ఆ జిగురు వాసన అచ్చం మా కోనసీమలో పెళ్ళికి ముందు రోజు పనసపొట్టు కొట్టినట్టే. ఆ పొట్టులో తర్వాత ఏం కలుపుతారన్నది వేరే విషయం.

ఇక్కడికొచ్చే మనవాళ్ళు చాలామంది "మన సంస్కృతిని వీళ్ళు కాపాడుతున్నారండీ" అంటారు. పెళ్ళి భోజనాల దగ్గర మా ఆయన రోజూ వింటాడు ఈ మాట. నాకిది నచ్చదు. మనం పారేసుకున్న సామాను వాళ్ళింట్లో దాచినట్టు మాట్లాడతారు. వాళ్ళు దాచింది వాళ్ళది. రోజూ పొద్దున్నే కొబ్బరాకుతో అల్లిన బుట్టలో పూలు పెట్టి గుమ్మం ముందు నేల మీద పెట్టే చనాంగ్ మనకెక్కడుంది? 210 రోజులకి ఒకసారి తిరిగే పంచాంగం మనకెక్కడుంది? స్వతంత్రం వచ్చాక తమదీ ఒక మతమేనని ప్రభుత్వం చేత ఒప్పించుకోవడానికి 1950లంతా తంటాలు పడ్డారు వీళ్ళు. ఆ పోట్లాట మనది కాదు.

నేనెవరినో ఇక్కడి చట్టంలో స్పష్టంగా రాసి ఉంది. 2019లో బాలీ ప్రభుత్వం గ్రామ కట్టుబాట్ల మీద ఒక చట్టం చేసింది. దాని ప్రకారం ఊళ్ళో మూడు రకాల మనుషులుంటారు. ఆ ఊరి సభ్యులు ఒకటి. వేరే ఊరి నుంచి వచ్చి ఉంటున్న బాలీ హిందువులు రెండు. మూడోది తమియు, అంటే అతిథి. జావా నుంచి వచ్చిన మేస్త్రీ, రష్యా నుంచి వచ్చిన యోగా టీచరు, కోనసీమ నుంచి వచ్చిన నేను అందరం ఈ మూడో గడిలో వాళ్ళమే. హిందువునైనంత మాత్రాన రెండో గడిలోకి రాను. నాలుగేళ్ళైనా తమియునే, నలభై ఏళ్ళైనా తమియునే. మొదట్లో కాస్త చివుక్కుమంది. ఇప్పుడు ఆ మాట మర్యాదగానే ఉందనిపిస్తుంది. అతిథికి అతిథి పనులుంటాయి. ఊరికి నెలనెలా కొంత కట్టాలి, ఊరేగింపు వస్తే స్కూటరు పక్కకి తియ్యాలి, న్యెపి రోజున దీపం వెలిగించకూడదు.

న్యెపి అంటే వాళ్ళ సంవత్సరాది. ముందు రోజు రాత్రి పెద్ద పెద్ద భూతాల బొమ్మల్ని డప్పుల మోతతో ఊరేగిస్తారు. తెల్లారి ఆరింటి నుంచి మర్నాడు ఆరింటి దాకా దీవి మొత్తం బంద్. నిప్పు లేదు, పని లేదు, ప్రయాణం లేదు, వేడుక లేదు. విమానాశ్రయం కూడా మూసేస్తారు. 2018 నుంచి ఆ రోజు ఫోన్లలో ఇంటర్నెట్ కూడా ఆపుతున్నారు. 2025లో న్యెపి మార్చి 29న వచ్చింది, మన ఉగాది 30న. వాళ్ళకీ శక సంవత్సరం 1947, మన పంచాంగంలో శాలివాహన శకమూ 1947. చీకట్లో ముందు రోజు కలిపిన పులిహోర తింటూ కూర్చున్నాం. దీవి మొత్తానికి దీపాలు లేకపోతే ఆకాశంలో ఎన్ని చుక్కలుంటాయో ఆ రాత్రి చూశాను. ఆ ఒక్క రోజే ఈ దీవికి సెలవు. అర్ధరాత్రప్పుడు పొలంలో కప్పల మోత తప్ప ఏమీ లేదు. మర్నాడు పొద్దున్నే ఓనరుగారు పెరట్లోని వేపచెట్టు నుంచి పువ్వు కోసి తెచ్చిచ్చింది. ఇక్కడ దాన్ని ఇంతారాన్ అంటారు. పచ్చడి రుచి చూసి, ముఖం చిట్లించి, "ఇది కొత్త సంవత్సరమా, శిక్షా?" అని అడిగింది.

ఓనరుగారని అంటున్నానుగానీ నేను పిలిచేది ఇబు అని. అమ్మా అన్నట్టు. ఆవిడ నన్ను ‘బు’ అంటుంది, అదీ అమ్మా అన్నట్టే. ఆవిడకి అరవై దాటాయి. ఎదురుగా ఉన్న పొలం వాళ్ళది, పద్నాలుగు ఆరెలు. ఇక్కడ భూమిని ఆరెల్లో చెప్తారు. ఒక ఆరె వంద చదరపు మీటర్లు, మన లెక్కలో దాదాపు రెండున్నర సెంట్లు. అంటే ముప్ఫై అయిదు సెంట్లు. మా ఊళ్ళో ఆ మాత్రం భూమి ఉన్నవాణ్ణి రైతు అనరు. మేముంటున్న ఇల్లు కూడా ఒకప్పుడు ఆ పొలంలో ముక్కే. ఎనిమిదేళ్ళ కిందట కట్టించి అద్దెకిస్తున్నారు. ఏడాది అద్దె ముందే కట్టాలి, ఇక్కడ అదే పద్ధతి. కాబట్టి వరండాలో కూర్చుని నేను చూసే పొలంలో కొంత నా కుర్చీ కిందే ఉంది.

నాకు పొలం చూడ్డం సరదా కాదు, అలవాటు. మా నాన్నకి గోదావరి కాలవ కింద రెండెకరాలుండేది. చిన్నప్పుడు సార్వా, దాళ్వా అన్న మాటలు ఎండాకాలం, చలికాలం అన్నంత మామూలుగా వాడేవాళ్ళం. 2011లో కోనసీమ రైతులు గిట్టుబాటు కాక, ముంపు నీళ్ళు పోక, పంట విరామం ప్రకటించి సార్వా మానేసిన ఏడు నేను డిగ్రీలో ఉన్నాను. ఊడ్పులప్పుడు పొలాలు ఊరికే పడి ఉండడం అప్పుడే మొదటిసారి చూశాను. తర్వాత రెండేళ్ళకి మా నాన్న కౌలుకిచ్చేశాడు. ఆ తర్వాత అది రొయ్యల చెరువైంది. అందుకని ఇక్కడ ఇబు భర్త పొద్దున్నే పార భుజాన వేసుకుని గట్టు మీద నడుస్తుంటే టీ గ్లాసుతో అలా నిలబడిపోతాను.

ఇక్కడి నీటి పద్ధతిని సుబక్ అంటారు. పదకొండో శతాబ్దపు శాసనాల్లోనే ఈ మాట ఉంది. 2012లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. జతిలువి అనే ఊళ్ళో మెట్ల పొలాలు చూడ్డానికి టికెట్టు ఉంది. మా కెరొబొకాన్ సుబక్‌కి టికెట్టు లేదు. ఒకే కాలవ నీళ్ళు తాగే రైతులంతా ఒక సుబక్. వాళ్ళకొక పెద్ద, పెకసెహ్ అంటారు. మన లస్కరు లాంటివాడనుకున్నాను మొదట, కాదు. లస్కరు ప్రభుత్వం మనిషి. పెకసెహ్‌ని రైతులే ఎన్నుకుంటారు. ఎవరి వంతు ఎప్పుడు, ఎవరు ఎప్పుడు నాట్లు వెయ్యాలి అన్నవి మీటింగులో తేలతాయి. ఆ మీటింగు గుడిలో జరుగుతుంది. నీళ్ళకీ గుళ్ళున్నాయి, కాలవ మొదట్లో ఒకటి, పైన బతుర్ సరస్సు దగ్గర అన్నిటికీ పెద్దది.

ఇదంతా భక్తి అనుకుంటే పొరపాటు. 1970ల్లో హరిత విప్లవం పేరుతో కొత్త వంగడాలొచ్చాయి, గుడి లెక్కలు పక్కన పెట్టి ఎవరికి వీలైనప్పుడు వాళ్ళు ఏడాదంతా వరి వెయ్యమన్నారు. వేశారు. దోమ, తెగుళ్ళు పొలం నుంచి పొలానికి పాకి పంటలు పోయాయి. స్టీఫెన్ లాన్సింగ్ అనే అమెరికన్ మానవ శాస్త్రవేత్త ఇది దగ్గరుండి చూసి 1991లో ఒక పుస్తకం రాశాడు. ఆయన చెప్పింది స్థూలంగా ఇదీ: పక్కపక్క పొలాలన్నీ ఒకేసారి నాటి, ఒకేసారి కోసి, ఒకేసారి ఎండగడితే పురుగుకి తిండి దొరక్క చస్తుంది. గుడి పంచాంగం చేసే పని అదే. నీటి వంతూ, పురుగు మందూ రెండూ ఆ పంచాంగంలోనే ఉన్నాయి.

దీన్ని బట్టే ఇంకొకటి అర్థమవుతుంది. పక్క పొలం లేకపోతే మన పొలం కూడా ఉండదు. ఇబు పొలానికి మూడు వైపులా విల్లాలు లేచాయి. మిగిలిన ఈ కాస్త వరి మీదకి ఊళ్ళో పిట్టలన్నీ దిగుతాయి, ఎలుకలన్నీ చేరతాయి. పైన కాలవ సగం చోట్ల పూడింది. చుట్టూ ధరలు పెరిగేసరికి భూమి పన్ను కూడా పెరిగింది. ఇదంతా ఇబు నాతో ఏ ఆరోపణా లేకుండా చెప్పింది, కొబ్బరాకు చీలుస్తూ. కొడుక్కి స్కూటర్ల అప్పు ఉంది. అత్తగారి దహన సంస్కారం ఇంకా చెయ్యలేదు, అది ఇక్కడ పెళ్ళికన్నా ఖర్చు. "అమ్మేస్తారా?" అని అడిగాను. "అమ్మను" అంది. "కౌలుకిస్తా. ఇరవై అయిదేళ్ళు. అప్పటికి మనవడికి ముప్ఫై రెండొస్తాయి, వాడికి తిరిగి వస్తుంది."

ఇండోనేషియాలో 1960 నాటి భూమి చట్టం ప్రకారం విదేశీయులకి సొంత హక్కు రాదు. అందుకే కౌలు. ఆరెకి ఏడాదికి ఇంత అని మాట్లాడుకుని, మొత్తం ఇరవై అయిదేళ్ళదీ ఒకేసారి కడతారు. పద్నాలుగు ఆరెల వరి మీద ఇబు భర్త జన్మంతా సంపాదించనిది ఒక్క సంతకంతో వస్తుంది. అలా అని ఆవిడకి సంబరమేమీ లేదు. 2020లో పర్యాటకులు ఆగిపోయినప్పుడు ఆవిడ కొడుకు పనిచేసే హోటలు మూతపడింది. ఏడాదిన్నర ఆ ఇంట్లో ఆరుగురు ఈ పొలం బియ్యమే తిన్నారు. "అప్పుడు విల్లా ఉంటే దాన్ని ఉడకేసుకునేదాన్నా?" అంది ఒకసారి.

పోయినేడు జూన్‌లో మకెలార్, అంటే బ్రోకరు, ఒక యూరప్ జంటని తీసుకొచ్చాడు. మా వరండాలోంచి పొలం బాగా కనిపిస్తుందని మా ఇంటికే తెచ్చాడు. ఇబు కూడా వచ్చింది. ఇంగ్లీషు రాదు కాబట్టి నన్ను పక్కన కూర్చోమంది. నా కార్డు మీద పని చెయ్యకూడదు కదా, అనువాదం పని కిందికొస్తుందా అని ఒక్క క్షణం అనుమానమొచ్చింది. జీతం లేదు కాబట్టి రాదనుకున్నాను.

ఆ అమ్మాయి మంచిది. ఇబుకి రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టింది. ఇక్కడ నిశ్శబ్దంగా ఉంటుందా అని నన్నడిగింది. నాలుగింటికి కోళ్ళు కూస్తాయని, వానాకాలం కప్పలు నిద్రపోనివ్వవని, గుడి ఉత్సవాలప్పుడు మైకు ఉంటుందని చెప్పాను. ఆమె నవ్వి, అది బాగుంటుంది అంది. వాళ్ళ విల్లా పైఅంతస్తు నుంచి వరిపొలాలు కనిపించాలట. ఏ పొలాలు అనడిగితే అటు దక్షిణంగా ఉన్నవి చూపించింది.

అప్పుడు ఇబు తన షరతు చెప్పింది. ఈ నేల పక్క నుంచి తెలాబా పోతుంది, దాన్ని ముయ్యకూడదు, అది కిందవాళ్ళ నీళ్ళు. తెలాబా అంటే పంటకాలువ. మకెలార్ ఆ జంట వైపు తిరిగి ఇంగ్లీషులో, ఒక చిన్న డ్రైన్ ఉంది, పైన పలకలు వేసేస్తే సరిపోతుంది అన్నాడు.

డ్రైన్! గోదావరి డెల్టాలో పుట్టినవాళ్ళెవరైనా ఆ మాటకి ఉలిక్కిపడతారు. మాకు కాలువలు రెండు రకాలు. పంటకాలువ నీళ్ళు తెస్తుంది, మురుగుకాలువ నీళ్ళు తీసుకుపోతుంది. చిన్నపిల్లలక్కూడా తేడా తెలుసు. ఒకటి పూడితే చేను ఎండుతుంది, ఇంకోటి పూడితే చేను మునుగుతుంది. మురుగుకాలువ మీద పలకలెయ్యొచ్చు, ఎవరికీ బాధ లేదు. పంటకాలువ మీద వేస్తే పూడిక ఎవడు తీస్తాడు, మడవ ఎక్కడ తెరుస్తాడు? మా నాన్న శివారు రైతు. పైనవాళ్ళు కాలవకి చేసే ప్రతి చిన్న సౌకర్యమూ శివారువాడి చేలో పగుళ్ళయి తేలుతుంది.

"అది డ్రైన్ కాదండీ," అన్నాను ఇంగ్లీషులోనే. "పంటకి నీళ్ళు వచ్చే కాలువ. మీరు చూపించిన ఆ దక్షిణం పొలాలకి నీళ్ళు ఇందులోంచే వెళ్తాయి. ఇది మూస్తే మీరు పైనుంచి చూడ్డానికి అక్కడ వరి ఉండదు." మకెలార్ నా వైపు చూసిన చూపు ఇక్కడ రాయను. ఇబు నన్నేం చెప్పావని అడిగింది. చెప్పాను. తలూపింది. ఆ జంట ఆలోచించుకుంటామని వెళ్ళారు, మళ్ళీ రాలేదు. కాలువ వల్ల రాలేదో, కోళ్ళ వల్ల రాలేదో తెలీదు. ఇబుకి నా వల్ల బేరం పోయిందేమోనని వారం రోజులు నాకు అన్నం సహించలేదు. ఆవిడ మాత్రం రోజూలాగే మా గుమ్మం ముందు చనాంగ్ పెట్టి, అగరొత్తి వెలిగించి వెళ్ళింది.

సెప్టెంబరులో వరదలొచ్చాయి. డెన్‌పసార్‌లో బదుంగ్ నది పొంగి బజార్లు మునిగాయి, మనుషులు పోయారు. నీళ్ళు పీల్చుకునే పొలాలన్నీ కాంక్రీటయ్యాయని అందరూ ఒక్కసారిగా మాట్లాడారు. పంటభూముల్లో కొత్త హోటళ్ళకీ రెస్టారెంట్లకీ అనుమతులివ్వబోమని గవర్నరు కూడా అన్నారు. టీవీలో అది చూసి ఇబు అడిగింది, "విల్లాని హోటలంటారా, ఇల్లంటారా?" నా దగ్గర జవాబు లేదు. సోషల్ టీచరుగా సిగ్గుపడాల్సిన సంగతే.

ఈ ఏడు ఫిబ్రవరిలో ఇంకొకాయన వచ్చాడు. సింగపూర్‌లో పనిచేస్తాడట, మర్యాదస్తుడు, బేరం కూడా పెద్దగా ఆడలేదు. నోటరీ ఆఫీసుకి ఇబు నన్నూ తీసుకెళ్ళింది. ఇక్కడ 2009 నుంచి చట్టం ఉంది, విదేశీయులతో రాసుకునే ఒప్పందం కూడా ఇండోనేషియా భాషలో ఉండి తీరాలి. పక్కన ఇంగ్లీషు పెట్టుకోవచ్చు. కాగితం మీద ఎడమవైపు ఒక భాష, కుడివైపు ఒకటి. "కుడివైపుది నువ్వు చదువు" అంది ఇబు. చదివాను. ఏడో షరతులో కాలువ ఉంది. ఎడమవైపు నీటిపారుదల కాలువ అనే ఉంది, కుడివైపు డ్రైనేజి అని ఉంది. నోటరీ దగ్గరున్న అమ్మాయికి చూపించాను. ఆమె ఏమీ అనకుండా దిద్ది, మళ్ళీ ప్రింటు తీసింది.

వెడల్పు ఎంత అని అడిగింది ఆ అమ్మాయి, అంకె వెయ్యాలని. ఇబు భర్త అప్పటిదాకా నోరు విప్పలేదు. రెండు చేతులూ చాపి, పారకర్రంత అన్నాడు. పారకర్ర ఎంతుంటుంది? ఆయన ఇంటికెళ్ళి పార తీసుకొచ్చాడు. నోటరీ ఆఫీసులో ఏసీ కింద, మట్టి అంటుకున్న ఆ పారని నేల మీద పడుకోబెట్టి టేపుతో కొలిచారు. సింగపూర్ ఆయన కూడా వంగి ఒక చివర పట్టుకున్నాడు. తొంభై రెండు సెంటీమీటర్లు వచ్చింది. ఆ అంకె రెండు వైపులా వేశారు.

కోతలయ్యాయి. ఇప్పుడు మా వరండా ఎదురుగా ముగ్గు పోసి, తాళ్ళు కట్టి ఉన్నాయి. జావా నుంచి మేస్త్రీలొచ్చారు, రేకుల షెడ్డు వేసుకున్నారు, సాయంత్రం వాళ్ళ రేడియో వినిపిస్తుంది. నా ఇంటి అద్దె వచ్చే నెలలో కట్టాలి. ఇబు ఈసారి పెంచలేదు, దుమ్ముంటుంది కదా అంది. మంగళవారం కిందవాళ్ళ నీటి వంతు. నిన్న ఇబు భర్త కాలవలో దిగి పూడిక తీస్తున్నాడు. సిమెంటు బస్తాలు అటువైపు దింపొద్దని మేస్త్రీకి చెప్పమన్నాడు నాకు. ఆ మేస్త్రీకి బాలీ భాష రాదట.